‘ఇంటిదారి’ పేజీలో అన్నయ్య

జూన్ 3

అత్తా,

పడవ రేపు పొద్దున్నే బయల్దేరుతుందని రేవు గుమస్తా చెప్పాడు. ల్యాబ్‌లో డ్యూటీ అయిపోగానే ఆస్పత్రి వెనక మెట్లమీద కూర్చుని రాస్తున్నాను. పదిరోజులకోసారి వచ్చే పడవ మీద ఆధారపడి బతికే మనిషివి నువ్వొక్కదానివే మా అందరిలో. నీ దీవిలో సిగ్నల్ లేదని ఎవరికి చెప్పినా నమ్మరు. “వాతావరణ కేంద్రం అంటున్నావు, ఫోను పనిచెయ్యదా?” అంటారు.

నీకు మొదట శుభవార్త. మేం పదిమందిమి కలిసి ‘ఇంటిదారి’ అని ఒక పేజీ పెట్టామని కిందటిసారి రాశానుగా, తప్పిపోయినవాళ్ళ కోసం. మొన్న శనివారం ఒక ముసలావిడ బస్సు మారబోయి తప్పిపోయింది. మతిమరుపు. ఆవిడ కొడుకు ఏడుస్తూ మా దగ్గరికి వచ్చాడు. మా గుంపులో ‘మైకు’ అని ఉన్నాడే, గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది, వాడు వెంటనే “కన్నీళ్ళు ఆగవు, చూడండి” అని ఏదో రాయబోయాడు. ‘వకీలు’ వాణ్ణి ఆపింది. (ఆ పిల్ల వకీలు కాదులే, ప్రతిదానికీ వాదిస్తుందని ఆ పేరు.) ఏ బస్సు, ఏ స్టాపు, ఎన్నిగంటలకి, నీలం శాలువా, ఎడమకాలు కుంటుతుంది, ఒక ఫోన్ నంబరు. అంతే రాయించింది. నాలుగు గంటల్లో ఒక టీకొట్టాయన ఫోన్ చేశాడు. ఆవిడ ఆయన బల్లమీద కూర్చుని బిస్కెట్లు తింటోంది! ఆవిడ ఇల్లు చేరగానే ఫొటో తీసేసి ‘దొరికారు, థాంక్స్’ అని రాశాం.

ఆ రోజు కాళ్ళు నేలమీద నిలవలేదు అత్తా. ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. బస్సు డిపో నుంచి అప్పుడే వచ్చి చేతులకున్న గ్రీజు తుడుచుకుంటున్నాడు. అంతా విని, “బాగుంది” అని ఊరుకున్నాడు. కాసేపయ్యాక గోడవైపు చూస్తూ అడిగాడు: “పదకొండేళ్ళ కిందట పోయినవాళ్ళని కూడా వెతుకుతారా మీరు?”

అమ్మ పోయినప్పుడు కూడా నాన్న గొంతు మారలేదని నువ్వు చెప్పే మాట గుర్తొచ్చింది. ఇప్పుడు మారింది.

అన్నయ్య ఫొటో ఒకటి ఉంది నా దగ్గర. పంతొమ్మిదేళ్ళప్పటిది, సైకిల్ పట్టుకుని. నాన్నతో గొడవపడి వెళ్ళిపోయాడని తప్ప నాకేం తెలియదు. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని వంతెన దిగుతూ బ్రేకు వదిలేసేవాడు, అది ఒక్కటే గట్టిగా గుర్తు. ఫొటో పేజీలో పెడదామనుకుంటున్నాను. నువ్వు పెంచినదాన్ని కాబట్టి ముందు నిన్ను అడుగుతున్నాను. సరేనను.

నీ పిచ్చుక

జూన్ 14

పిచ్చుకా,

ఇక్కడ మూడురోజులుగా వాన. మూడు గంటలకోసారి గొడుగేసుకుని వానకొలత గొట్టం దగ్గరికి వెళ్ళడం, కొలవడం, రాయడం, వైర్‌లెస్ అబ్బాయికి ఇవ్వడం. ఆ వైర్‌లెస్‌లో అంకెలు తప్ప మనిషి మాటలు పంపకూడదని రూలు. లేకపోతే నీ గొంతు వినేదాన్ని. మా కేంద్రం పెద్దాయన నిన్న జారిపడి, లేచి, మొదట అడిగిన మాట “రీడింగు రాశావా?” అని. అలాంటి మనుషుల మధ్య ఉన్నాను.

ఆ ముసలావిడ సంగతి రెండుసార్లు చదివాను. బిస్కెట్లు తింటోందన్న చోట నవ్వాగలేదు. మీ వకీలుకి నా తరఫున ఒక ముద్దు.

మీ అన్నయ్య ఫొటో మాత్రం పెట్టొద్దు. ఎందుకని అడగకు. అది కాగితం మీద రాసే విషయం కాదు. డిసెంబరులో సెలవు మీద వస్తాను, పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్తాను. అప్పటిదాకా మనసు గట్టిచేసుకో. మీ నాన్నకి ఏమీ చెప్పకు.

చలి తగిలించుకోకు. మాస్కు లేకుండా ల్యాబ్‌లో తిరగకు.

అత్త

జూన్ 24

అత్తా,

నీ ఉత్తరం పదిహేనుసార్లు చదివి ఉంటాను.

మనసు గట్టిచేసుకో అని ఎవరితో అంటారు? ఆస్పత్రిలో ఆ మాట నేను రోజూ వింటాను. డాక్టర్లు వరండాలోకి పిలిచి చెప్పే మాట అది. కాగితం మీద రాయలేను, పక్కన కూర్చోబెట్టుకుని చెప్తాను, నాన్నకి చెప్పకు... అన్నయ్య లేడనే కదా? నీకు తెలుసు, దాస్తున్నావు. ఆర్నెల్లు ఆ మాటని గుండెలో పెట్టుకుని డిసెంబరు దాకా ఎలా తిరగమంటావు?

రెండురోజులు అన్నం సహించలేదు. మూడోరోజు నాకే అనిపించింది, అత్త పొరపాటుపడి ఉంటుంది, ఎవరో ఏదో చెప్పి ఉంటారు, వాడు బతికే ఉన్నాడని నేను చూపిస్తాను అని. ఫొటో పెట్టేశాను.

పెట్టేముందు వకీలు అడిగింది, “మీ ఇంట్లో అందరికీ ఇష్టమేనా?” అని. “మా అత్త కూడా సరేనంది” అన్నాను. అబద్ధం ఆడాను. నీ పేరుమీద.

కానీ చూడు అత్తా, ఒక్కరోజులో ఆరువేలమంది పంచుకున్నారు! ‘మా చెల్లి కూడా ఇలాగే ఎదురుచూసింది’ అని ఎవరో రాశారు. ‘దొరకాలి’ అని ఎందరో. నాన్న మధ్యాహ్నం డిపోలో పని ఆపి ఫోన్ తెరిచి చూస్తున్నాడని ఆయన స్నేహితుడు చెప్పాడు. నా దగ్గర మాత్రం చూడనట్టే ఉన్నాడు. నిన్న అన్నయ్య గది తలుపు తీసి కిటికీ తుడిచాడు. ఏమిటని అడిగితే, “దుమ్ము పట్టిందని” అన్నాడు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. ఇవాళ పొద్దున ఎవరో కామెంట్లలో అన్నయ్యదే ఇంకో ఫొటో పెట్టారు. ఏదో షాపు కౌంటరు ముందు సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. కింద ‘ఇతనేగా?’ అని, ఒక నవ్వు బొమ్మ. దాన్ని కూడా జనం పంచుకుంటున్నారు. నీకేమైనా తెలుసా?

కోపంగానే ఉన్నాను. అయినా నీ పిచ్చుకనే.

జూలై 5

తల్లీ,

ముందు ఇది చదువు: మీ అన్నయ్య బతికే ఉన్నాడు. ఆరోగ్యంగా ఉన్నాడు. ఒక చిన్నమాట తేలిగ్గా రాసి నిన్ను ఇరవైరోజులు చంపాను. నన్ను క్షమించు.

రెండేళ్ళ కిందట వాడు నా చిరునామా కనుక్కుని ఉత్తరం రాశాడు. అప్పటినుంచి ప్రతి పడవకీ రాస్తున్నాడు. కళ్ళద్దాలు అరగదీసే వర్క్‌షాపులో పని. గుడ్డివాడికి చూపిచ్చే పనేమో అని నేను వేళాకోళం చేస్తే, “గుడ్డివాళ్ళకి కాదత్తా, చూసికూడా సరిగ్గా చూడనివాళ్ళకి” అని రాశాడు. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. అందుకే నీకు చెప్పలేదు.

ఇప్పుడు ఆ రెండో ఫొటో సంగతి.

వాడు చదువుకుంటూనే ఫోన్లు బాగుచేసే షాపులో పనికి వెళ్ళేవాడు. ఒకరోజు ఎవరో కస్టమర్ ఇచ్చిన ఫోను కనబడలేదు. షాపాయన సాయంత్రం వీడు సంచి వేసుకుని ఇంటికి బయల్దేరుతుంటే ఒక ఫొటో తీసి, ‘ఫోన్ దొంగ, జాగ్రత్త’ అని రాసి, వీధి గ్రూపులో పెట్టాడు. వీడు నడుచుకుంటూ ఇంటికి వచ్చేలోపే ఆ ఫొటో డిపోకి చేరింది. మీ నాన్న తోటి మెకానిక్‌ల ఫోన్లో చూశాడు. నలుగురిలో తల కొట్టేసినట్టయి ఇంటికొచ్చాడు.

వీడు చెప్పులు విప్పుతున్నాడు. మీ నాన్న “తీశావా?” అని అడగలేదు. “ఎక్కడ పెట్టావు?” అని అడిగాడు.

వాడు ఒక్కక్షణం చూశాడు మీ నాన్నని. తర్వాత నావైపు చూశాడు. నేను వంటింటి గడపమీద ఉన్నాను, చేతిలో గరిటె. వాడు తియ్యలేదని నాకు తెలుసు. అయినా నేను నోరు మెదపలేదు. మా అన్న కోపంలో ఉన్నాడు, రేపు చెబుదాంలే అనుకున్నాను. వాడు విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకున్నాడు. నువ్వు పక్కింట్లో ఆడుకుంటున్నావు.

పదకొండేళ్ళు ఆ ఫొటోని తప్పించుకుని బతికాడు. మీరు మంచికే పెట్టారు, నాకు తెలుసు. కానీ మీ పోస్టు కింద ఎవరో దాన్ని మళ్ళీ బయటికి లాగారు, చేతులు మారుతూ ‘ఫోన్ దొంగ’ అన్న పాత మాట కూడా దానికి అంటుకుంది. వర్క్‌షాపులో వాళ్ళు చూశారట. ఎవరూ ఏమీ అనలేదట. ఎవరూ ఏమీ అనకుండా తమ ఫోన్లు బల్లమీద నుంచి తీసి జేబుల్లో పెట్టుకున్నారట. వాడు పని మానేశాడు. ఈ పడవలో వచ్చిన ఉత్తరం నాలుగు వరుసలు. ఎక్కడికి వెళుతున్నాడో రాయలేదు.

నీమీద కోపం లేదు. నీకు నేను నిజం చెప్పి ఉంటే నువ్వు పెట్టేదానివి కాదు.

అత్త

జూలై 15

అత్తా,

ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు. అన్నయ్య బతికున్నాడని చదివి ఏడ్చాను, చివరిదాకా చదివి ఇంకో రకంగా ఏడ్చాను.

ఆ సాయంత్రమే మా గుంపుని పిలిచాను. దర్జీ షాపు పైగదిలో కూర్చుంటాం మేం. నీ ఉత్తరం చదివి వినిపించాను. నా అబద్ధం కూడా చెప్పేశాను. మైకు మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు: “అంటే మనం మనిషిని వెతకలేదు, పట్టించాం.” వకీలు ఏమీ వాదించలేదు. ఫోన్ తీసుకుని పేజీ అధికారాల్లోంచి నా పేరు తీసేసింది. “కొన్నాళ్ళు నువ్వు పేజీ చదువు, అందులో రాయకు” అంది. సరేనన్నాను. ఏమంటాను?

పోస్టు వెంటనే తీసేశాం. కానీ తీసేస్తే పోతుందా? ఆ రెండో ఫొటో పంచుకున్నవాళ్ళ జాబితా ముందేసుకుని పదిమందిమి తలా కొన్ని పేర్లు తీసుకుని ఒక్కొక్కళ్ళకి విడివిడిగా రాశాం. తిట్లు లేవు, బెదిరింపులు లేవు. ‘ఈ ఆరోపణకి ఆధారం లేదు, ఈయన కుటుంబం తరఫున అడుగుతున్నాం, దయచేసి తీసెయ్యండి’ అని. సగానికి పైగా తీసేశారు. ఒకావిడ అయితే తను పెట్టిన చోటే ‘చూసుకోకుండా పంచాను, తప్పు నాది’ అని రాసింది. కొందరు జవాబే ఇవ్వలేదు. ఒకడు మాత్రం ‘నిప్పు లేనిదే పొగ వస్తుందా?’ అన్నాడు. వాడికి మైకు ఓపిగ్గా మూడుసార్లు రాశాడంటే నమ్ము.

ఇకమీద పెద్దవాళ్ళెవరైనా తమంతట తాము వెళ్ళిపోతే వాళ్ళ ఫొటో పెట్టం. ఎందుకు వెళ్ళారో ముందు అడుగుతాం. ఆచూకీ తెలిస్తే మొదట వాళ్ళనే అడుగుతాం, ఇంటివాళ్ళకి చెప్పమంటారా వద్దంటారా అని. వద్దంటే, క్షేమంగా ఉన్నారని మాత్రం చెబుతాం. కామెంట్లు ఎవరో ఒకరం చూశాకే బయటికి వస్తాయి. ఇదంతా వకీలు రాసి గోడకి అంటించింది. అన్నయ్య విషయంలో ఇందులో ఒక్కటి పాటించి ఉన్నా సరిపోయేదని అది చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

ఆ షాపు ఇంకా ఉంది అత్తా. బోర్డు మారింది, మనిషి అదే. వెళ్ళాను. గాజుబల్ల వెనక ఒక ఫోనుకి స్క్రూలు విప్పుతున్నాడు. నేనెవరో చెప్పగానే స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

“మీ అన్న ఎలా ఉన్నాడమ్మా?” అన్నాడు.

“మీరు పెట్టిన ఫొటో ఇంకా తిరుగుతోందండీ” అన్నాను.

బల్లకున్న సొరుగు లాగి, మళ్ళీ మూశాడు. తర్వాత అన్నాడు: “ఆ ఫోను దొరికింది. పన్నెండురోజులకి. ఈ సొరుగు వెనక సందులో జారి ఉంది.”

“మరి ఎవరికీ చెప్పలేదేం?”

“ఎవరికి చెప్పను? అప్పటికే కుర్రాడు ఊరొదిలి వెళ్ళాడు. నాది తప్పంటే నా షాపుకి ఎవరొస్తారు? నా ఫోన్లోంచి ఆ ఫొటో తీసేశాను. తీసేస్తే అయిపోయింది అనుకున్నాను.”

జేబులో నా ఫోను రికార్డింగులో ఉంది. ముందే నొక్కి వెళ్ళాను. ఆయన మాటలు వింటూనే లెక్క వేసుకున్నాను: ఇది పెడితే ఈ సాయంత్రానికి ఊరు ఊరంతా ఆయన మొహాన ఉమ్మేస్తుంది, అన్నయ్య పేరు కడిగినట్టవుతుంది. అప్పుడు ఆయన కూతురు లోపల్నుంచి టీ తెచ్చింది. స్కూలు బట్టల్లో ఉంది. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు.

ఫోన్ బయటికి తీసి ఆయనకే చూపించి రికార్డింగు చెరిపేశాను.

నేను చేసింది సరైనదో కాదో తెలియదు. నిజం నా చేతికి వచ్చినట్టే వచ్చి పోయిందా? అన్నయ్య ఏం కోరుకుంటాడో అది చేస్తాను. వాడు రాస్తే అడుగు. వాడు రాస్తాడు కదా?

పిచ్చుక

జూలై 25

అత్తా,

పడవ వచ్చింది, నీ ఉత్తరం లేదు. గుమస్తా చేత సంచి రెండుసార్లు వెతికించాను. రికార్డింగు చెరిపేశానని కోపమొచ్చిందా? లేక అన్నయ్య రాయలేదా? ఒక్క వరుసైనా రాయి. తిట్టినా సరే. నాన్నకి అన్నయ్య క్షేమమని మాత్రం చెప్పాను. అప్పట్నుంచి రోజూ ఏమైనా వచ్చిందా అన్నట్టు నా మొహంలోకి చూసి, అడక్కుండానే వెళ్ళిపోతున్నాడు.

ఆగస్టు 4

పిచ్చుకా,

కోపం కాదే పిచ్చిదానా! సముద్రం బాగోలేక పడవవాడు సంచి దించకుండానే వెనక్కి తిరిగాడు. నేను రాసిన ఉత్తరం పదిరోజులు ఇక్కడే నా బల్లమీద కూర్చుంది. నీవి రెండూ ఇవాళ ఒకేసారి అందాయి. పాత ఉత్తరం చించేసి కొత్తగా రాస్తున్నాను.

వాడు రాశాడు. మాకు సరుకుల పడవ వచ్చే ఉత్తర దిక్కు రేవులో ఇంకో కళ్ళద్దాల షాపులో చేరాడు, ఇప్పుడు వాడి ఉత్తరాలు ఆ పడవలోనే వస్తున్నాయి. నీ సంగతులు నాకు తెలిసినంతవరకు అప్పటికే రాశాను. ఇవాళ వచ్చిన సరుకుల పడవ రెండుగంటలు ఇక్కడ ఆగుతుంది, ఫోన్ల షాపాయన చెప్పిన సంగతి అందులో రాసి పంపాను. వాడి జవాబు రావడానికి ముందే నీకు ఇది పంపెయ్యాలి. అయినా వాడు ఇంతకుముందు రాసినదాన్ని బట్టి జవాబు నాకు తెలుసు. ఇలా రాశాడు:

“పేరు కడగడానికైనా సరే నా మొహం మళ్ళీ ఎక్కడా పెట్టొద్దని చెల్లికి చెప్పత్తా. తెలియని ఆరువేలమంది నన్ను మంచివాడంటే నాకేం ఒరుగుతుంది? నాన్న ఒక్కడు ఆ రోజు అడగని ప్రశ్న అడిగితే చాలు.”

తల్లీ, నువ్వు చెరిపేసింది సరైనదే. షాపాయన్ని మీ నాన్న దగ్గరికి రమ్మను. కెమెరా లేకుండా, జనం లేకుండా. ఆయన రాకపోతే నేను సెలవు పెట్టి వచ్చి తీసుకొస్తాను.

ఇంకోమాట ఉంది. రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇరవైమూడున వాడు సరుకుల పడవలో నా దగ్గరికి వస్తానన్నాడు. మీ నాన్న రావాలనుకుంటే ఇరవైనాలుగు పడవలో రమ్మన్నాడు. ఒక్కణ్ణే రమ్మన్నాడు. “చెల్లిని వద్దను. అది నాకు ఎనిమిదేళ్ళ పిల్ల. అది చూస్తుండగా నాన్నతో మాట్లాడలేను. కోపమై కాదు” అని. కోపమై కాదన్న మాట కింద రెండు గీతలు గీశాడు.

అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది నువ్వు. ఈ మాట నీకు నేను చెప్పాల్సి వచ్చింది.

అత్త

ఆగస్టు 24

అత్తా,

ఇది నాన్న చేతికే ఇచ్చి పంపుతున్నాను. రేవు బల్లమీద కూర్చుని రాస్తున్నాను, నాన్న పడవవాడితో అలలు ఎక్కువగా ఉంటాయా అని మూడోసారి అడుగుతున్నాడు.

షాపాయన వచ్చాడు అత్తా. మూడుసార్లు పిలిస్తే వచ్చాడు. నేను బయట వీధిలో నిలబడ్డాను. లోపల ఏం మాట్లాడుకున్నారో వినలేదు. పావుగంటకి ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు. నాన్న కొడతాడేమో, తిడతాడేమో అనుకున్నాను. లోపలికి వెళ్ళి చూస్తే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. “నువ్వెందుకలా చేశావని ఆయన్ని అడగబోయానమ్మా. అడిగే మొహం నాకెక్కడుంది? ఆయనకి వాడెవరో తెలియదు. నాకు తెలుసు కదా” అన్నాడు. తర్వాత ఏడ్చాడు. నేను చూడటం ఇష్టం ఉండదని వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

ఆ మర్నాడు షాపాయన తనంతట తానే వాళ్ళ వీధి గ్రూపులో నాలుగు వరుసలు రాశాడు. అన్నయ్య పేరు లేదు, ఫొటో లేదు. ‘పదకొండేళ్ళ కిందట నేనొకరిని దొంగ అన్నాను. అతను కాదు. అప్పుడు పంచినవాళ్ళు మీ దగ్గర అది ఉంటే చెరిపెయ్యండి’ అని. మేం అడగలేదు. మేం పంచనూ లేదు. మైకుకి చేతులు దురదపెట్టాయి, పాపం, ఓర్చుకున్నాడు.

వకీలు నిన్న పేజీలో నా పేరు మళ్ళీ చేర్చింది. మొదటిరోజే ఒకాయన ఇంట్లోంచి వెళ్ళిపోయిన కూతురి ఫొటో తెచ్చాడు. పెట్టమని బతిమాలాడు. ముందు కూర్చోబెట్టి, “అమ్మాయి ఎందుకు వెళ్ళిందండీ?” అని అడిగాను. ఆయన ఫొటో మడిచి జేబులో పెట్టుకున్నాడు. “రేపు చెప్తాను” అన్నాడు. వస్తాడో రాడో.

నాన్న కొత్తచొక్కా వేసుకున్నాడు. గోళ్ళలో గ్రీజు పోలేదని పొద్దున నించీ బ్రష్షుతో రుద్దుతున్నాడు. “మొదట ఏమనాలమ్మా?” అని ఇప్పటికి ఎనిమిదిసార్లు అడిగాడు. “ఆ రోజు అడగనిది అడుగు నాన్నా, తర్వాత వాణ్ణి మాట్లాడనివ్వు” అన్నాను. తలూపాడు. మళ్ళీ అడిగాడు.

నాకు రావాలని లేదని అనుకోకు. పడవలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది, చూశాను. రేపీపాటికి వాళ్ళిద్దరూ నీ గదిలో ఉంటారు. వాడి గొంతు ఇప్పుడెలా ఉంటుందో, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయో లేదో, జుట్టు తెల్లబడిందో ఏమో, నీకు తెలుస్తుంది, నాన్నకి తెలుస్తుంది. నాకు తెలియదు. పది రోజులు ఆగాలి. ఇంకా ఎక్కువే ఆగాలేమో. ఆగుతాను.

తాడు విప్పుతున్నారు. ఒక్కమాట వాడితో చెప్పు అత్తా. నీ చెల్లి నువ్వు వద్దన్నావని ఆగిపోలేదట, నువ్వు పిలిచినరోజున రావడానికి ఆగిందట అని చెప్పు.

పిచ్చుక